బగ్ ఫిక్స్ పంపుతున్నారా? ముందు ఫెయిలయ్యే టెస్ట్ రాయండి!

చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఓపెన్ సోర్స్‌లో మొదటి పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలి?"

ఎలా పెట్టకూడదో ముందు చెప్తా. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో ఫ్రీ టీషర్ట్ కోసం జనం రీడ్‌మీ ఫైల్‌లో ఒక మాట మార్చేసి పుల్ రిక్వెస్టులు గుప్పించారు. చివరికి, ప్రాజెక్టు వాళ్లు ముందే ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుందని అదే నెలలో రూల్ మార్చాల్సొచ్చింది. అందుకే కొత్త పేరు కనిపిస్తే మెయింటైనర్లకి కొంచెం అనుమానం. వాళ్లలో చాలామంది ఖాళీ టైమ్‌లో, జీతం లేకుండా చేస్తున్నవాళ్లే మరి. ఆ అనుమానం పోగొట్టేది టెస్ట్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక చిన్న పైథాన్ లైబ్రరీ పొడుగు పేర్లని కత్తిరిస్తుంది అనుకోండి. "శ్రీనివాస్" మన కంటికి నాలుగక్షరాలు: శ్రీ, ని, వా, స్. పైథాన్‌ని పొడవు అడిగితే పది అంటుంది! ఎందుకంటే యూనికోడ్‌లో గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు. మొదటి రెండు తీసుకుంటే మిగిలేది "శ్". పాపం శ్రీనివాస్! ఇంగ్లిష్ పేర్లతోనే టెస్ట్ చేసినవాళ్లకి ఈ బగ్ కనపడదు. మనకి కనపడుతుంది.

ఇప్పుడు కోడ్ ముట్టుకోకండి. ప్రాజెక్ట్‌ని ఫోర్క్ చేసి, ఉన్న టెస్టులన్నీ పాసవుతున్నాయో లేదో ముందు చూడండి. తర్వాత ఈ పేరుతో ఒక టెస్ట్ రాసి పైటెస్ట్‌లో రన్ చేయండి. ఎర్రగా ఫెయిలవ్వాలి. ఫిక్స్‌కి ముందే పాసయ్యిందంటే, ఆ టెస్ట్ మీ బగ్‌ని పట్టుకోవట్లేదన్నమాట. అప్పుడు ఫిక్స్ చేయండి, పచ్చగా మారాలి. రెండూ కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్. మధ్యలో కనిపించిన వేరే కోడ్‌ని అందంగా సర్దొద్దు ప్లీజ్, రివ్యూ చేసేవాళ్లకి అది నరకం.

మీ ఫోన్‌లో ఉన్న ఎస్‌క్యూలైట్ సంగతి తెలుసా? బగ్ బయటపెట్టే టెస్ట్ చేర్చేదాకా ఆ బగ్ ఫిక్సయినట్టు వాళ్లు లెక్కేయరు. 2023 నాటి 3.42 వెర్షన్‌లో అసలు కోడ్ కంటే టెస్ట్ కోడ్ 590 రెట్లు! కాకపోతే వాళ్లు బయటివాళ్ల ప్యాచ్‌లు తీసుకోరు, అక్కడికి పంపకండి.

ఫిక్స్ రాదంటే టెస్ట్ ఒక్కటే ఇష్యూలో పెట్టండి. బగ్ ఎక్కడుందో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు, సగం పని అయిపోయినట్టే.