ఓటు వేసిన పిమ్మట

2024 మే 13వ తేదీన పెనుగొండలో ఓటు వేసి, పాఠశాల గేటు దాటి, ఆ మండుటెండలో ఇంటిముఖము పట్టిన నేను, ఎడమచేతి చూపుడువ్రేలి గోటిమీద ఆరీ ఆరని సిరాగీతను దారిపొడవునను చూచుకొనుచునే యుంటిని. యంత్రము ప్రక్కనున్న గాజుకిటికీలో, నేను కోరిన అభ్యర్థి పేరును గుర్తును గల చీటి 7 సెకనులు నిలిచి, తెగి పెట్టెలో పడినది. ఆ 7 సెకనులలో కలిగిన నెమ్మది, జూన్ 4న ఓట్లు లెక్కించువరకు, అనగా 22 దినములు, నన్ను విడువలేదు.

మే మాసమనగా మా సీమలో కాలువలు కట్టివేసిన కాలము. దాళ్వా కోతలు ముగిసి, చేలు బీటలు వారి, జూన్ మాసమున గోదావరి ఆనకట్టనుండి సార్వాకు నీరు వదలుదురను మాటమీదనే రైతు ఆకుమడికి విత్తనములు సిద్ధపరచుకొనును. నీరింకను రాలేదు, కాని వచ్చునన్న ధీమా అతని నడకలోనే కనబడును. నమ్మిన అభ్యర్థికి ఓటు వేసినవాని మనస్సు ఆ దినములలో సరిగా అట్లే యుండును. ఒకనిని ఓడింపవలెనను కోపముతో వేసిన ఓటు వేసినంతనే చల్లారిపోవును. నమ్మి వేసినదానికి రేపన్నది యొకటి కలదు.

ఈ రేపు అందరికిని ఒక్కసారిగా దక్కినది కాదు. 1937 ఎన్నికలలో కార్మికనాయకుడైన వి.వి. గిరి, అంతవరకు మదరాసు మంత్రివర్గమునకు నాయకత్వము వహించిన బొబ్బిలి రాజావారిని వారి బొబ్బిలిలోనే ఓడించుట సామాన్యమైన విజయము కాదు; ఐనను ఆనాడు ఆస్తియో, పన్నో, చదువో కలవారికే ఓటు గనుక, కూలికి పోవువారిలో ఎందరికో అది పరుల పండుగయే అయ్యెను.

21 ఏండ్లు నిండిన ప్రతివారికిని హక్కు వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, 1952లో, మా అమ్మమ్మ ఓటు వేసినది. ఆనాడు చీటిపై ముద్ర వేయు పని లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెపై జోడెడ్లో, గుడిసెయో, కంకి కొడవలియో అంటించియుండును, తెర వెనుకకు పోయి, చేతిలోని చీటిని తాను కోరిన పెట్టెలో వేయవలెను. అక్షరము రాని అమ్మమ్మ ఎంతసేపటికిని వెలుపలికి రాకపోగా అధికారి కేక వేసెనట. “చీటీ లోపలికి పూర్తిగా దిగిందో లేదో వేలుపెట్టి చూసుకున్నానురా అబ్బాయ్, సగంలో ఆగిపోతే వాడి గతేం కాను?” అని ఆమె ముప్పది ఏండ్ల తరువాత సైతము అదే ఆందోళనతో చెప్పెడిది. ఎవరికి వేసితివని అడిగిన, “మంచోడికే” అని ఊరకుండెడిది.

నా గోటిమీది ఆ సిరా సంగతియు ముచ్చటయైనదే. 1962నుండి మైసూరులో తయారగుచున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉండును. అది చర్మమునందలి ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలినకొలదిని నల్లబడును. సున్నిపిండితో రుద్దినను పోదు. గోరు పెరిగినకొలది కత్తిరింపబడవలసినదే. ఫలితములు వచ్చిన పిమ్మటను నా గోటిపై అది నిలిచియే యుండెను.

మరి, నమ్మినవాడు ఓడిపోయిన మాటయో? చెల్లిన ఓట్లలో ఆరవవంతుకు మించి రానివానికి డిపాజిట్టు సైతము దక్కదు. అంతేకాక నియోజకవర్గముల పునర్విభజన వలన 2009 ఎన్నికలనుండి పెనుగొండ పేరుతో నియోజకవర్గమే లేదు. మా ఓట్లు ఆచంట నియోజకవర్గపు లెక్కలో కలిసిపోవును. కాని ఏ బూత్‌లో ఎవరికెన్ని పడినవో ప్రకటింతురు గనుక, టీ దుకాణపు బల్లలమీద ఆ లెక్కలు నెలలతరబడి నలుగుచుండును. “మన బూత్‌లో ఆయనకి నలభై రెండు పడ్డాయండీ” అని ఒకరనగా, ఆ 42లో తానొకడనని ఎరిగినవాడు, గ్లాసు చేతబట్టి, మిగిలిన 41మంది ఎవరైయుందురోయని మెల్లగా చుట్టును చూచును.