కరెంటు పోతే.. ముందు ఏది కాపాడాలి?

ఇంట్లో కరెంటు పోతే మనకు ఆగేది ఫ్యానే. సముద్రపు నీటి అక్వేరియంలోని చేపలకు మాత్రం ఊపిరి ఆడదు. జీవులు కిక్కిరిసిన తొట్టె అయితే కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది. ఆఫీసులు, హోటళ్లు, ఇళ్లలోని అక్వేరియంల నిర్వహణను పార్ట్‌టైమ్ పనిగా చేపట్టాలనుకుంటున్నారా? ఫిషరీస్, జువాలజీ చదివి ఆక్వా రంగంలో ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే మీరు మొదట నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

అసలు ఏం జరుగుతుంది?

తొట్టెలోకి ఆక్సిజన్ ప్రధానంగా నీటి పైభాగం నుంచే చేరుతుంది. పంపులు నీటిని కదిలిస్తున్నంతసేపూ అది కిందివరకూ అందుతుంది. పంపు ఆగితే పై పొరలోనే మిగిలిపోతుంది. పైగా ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు కరిగితే, సముద్రపు నీటిలో 7 కూడా ఉండదు. 30 డిగ్రీలకు చేరితే ఇంకా తగ్గుతుంది. అంటే, మన ఎండాకాలం కోతలు రెండు రకాలుగా దెబ్బతీస్తాయన్నమాట.

పగడాల్లో ఉండే సూక్ష్మ నాచు వెలుతురులో ఆక్సిజన్ ఇస్తుంది. చీకట్లో అదీ ఆక్సిజన్ వాడుకునేదే. అందుకే రాత్రి పోయిన కరెంటు పగటి కోతకంటే ప్రమాదం.

మొదటి గంటలో ఇలా..

- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టండి. అది లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి, కాస్త ఎత్తు నుంచి తిరిగి పోయండి. పది, పదిహేను నిమిషాలకోసారి కొన్ని నిమిషాలపాటు చేస్తే చాలా తేడా కనిపిస్తుంది.
- మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఒకట్రెండు రోజులు తినకపోయినా తట్టుకుంటాయి. మిగిలిన మేత కుళ్లితే ఆక్సిజన్ తగ్గి, అమ్మోనియా పెరుగుతుంది.
- లైట్ల గురించి కంగారు వద్దు. ఒకట్రెండు రోజులు వెలుతురు తగ్గినంత మాత్రాన పగడాలు చనిపోవు.
- నీరు వేడెక్కుతుంటే మూత తీసి, చిన్న ఫ్యాను గాలి తగిలేలా చూడండి. మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తొట్టెలో తేలేయొచ్చు. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు శాతం మారిపోతుంది.
- ఆవిరైన నీటి స్థానంలో ఆర్వో మంచినీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, మళ్లీ ఉప్పునీరు పోస్తే గాఢత పెరుగుతుంది.

బ్యాటరీ లెక్క వేయండి

ఇక్కడే ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది. ఇళ్లలో వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో సగమే, అంటే 900 మాత్రమే వాడుకుంటాం అనుకుందాం. 300 వాట్ల చిల్లర్ తగిలిస్తే మూడు గంటల్లో ఖాళీ. 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే తగిలిస్తే కాగితం మీద 60 గంటలు. ఇన్వర్టర్ సొంతంగా తినే కరెంటు తీసేసినా, ఒక రోజుకు పైగా వస్తుంది. అన్నీ కాసేపు నడపడం కంటే, ప్రాణం నిలిపేదాన్ని ఎక్కువసేపు నడపడం మేలు. వరస గుర్తుంచుకోండి.. నీటి కదలిక, ఉష్ణోగ్రత, ఫిల్టర్, చివర్లో లైట్లు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. తీర ప్రాంతాల్లో గంట కోతకు మాత్రమే సిద్ధమైతే సరిపోదు.

కరెంటు వచ్చాక తొందరొద్దు

మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోయి, మంచి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. అలాగే స్విచ్ వేస్తే ఆ మురుగంతా తొట్టెలోకి వస్తుంది. ముందు విప్పి, పాత నీరు పారబోసి, తొట్టె నీటితోనే కడిగి బిగించండి. చనిపోయిన జీవులుంటే వెంటనే తీసేయండి. రెండు మూడు రోజులు అమ్మోనియా పరీక్ష చేయండి.

చట్టం కూడా తెలియాలి

రీఫ్ కట్టే గట్టి పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. ఎవరో తక్కువ ధరకు ఇస్తామంటే నమ్మి ఇరుక్కోవద్దు. క్లౌన్ ఫిష్ లాంటి రంగు చేపలను హేచరీలో పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) అభివృద్ధి చేసింది. హేచరీ పిల్లలతోనే మొదలుపెట్టండి.

చెరువు గట్టునా ఇదే సూత్రం

భీమవరం, నెల్లూరు వైపు వనామీ రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు ఏరియేటర్లు ఆగితే జరిగేదీ ఇదే. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. జనరేటర్ అందుకోకపోతే నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే చెరువులు, హేచరీల్లో టెక్నీషియన్లుగా చేరేవారికి కరిగిన ఆక్సిజన్ కొలవడం, జనరేటర్‌ను ముందే పరీక్షించుకోవడం తప్పనిసరిగా రావాలి.

ఈ రంగంలోకి రావాలంటే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ మంచి దారి. ఆంధ్రప్రదేశ్‌లో ముత్తుకూరు, తెలంగాణలో పెబ్బేరులో మత్స్య కళాశాలలున్నాయి. పీజీకి ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్‌ఈ) ఉంది. సొంతంగా రంగు చేపల యూనిట్ పెట్టాలనుకుంటే 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వివరాలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

నిర్వహణ పనికి వెళ్లే ప్రతి ఇంట్లో ఒక కాగితం అంటించి రండి. కరెంటు పోతే ఏ ప్లగ్గు ఇన్వర్టర్‌కు తగిలించాలి, ఏవి తీసేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి.. నాలుగు లైన్లు చాలు. మీరు పక్కన లేనప్పుడు ఆ తొట్టెను కాపాడేది అదే. రేపు ఇంటర్వ్యూలో ‘అత్యవసర పరిస్థితిలో మీరేం చేస్తారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర చేసి చూపించిన పని ఉంటుంది.