తారురోడ్డునకు గుత్తదారు పూచీ

ఎడ్లను గొనువాడు వాని పండ్లను, నడకను జూచి బేరమాడును. తారురోడ్డు నట్లు పరీక్షింప వీలులేదు. పైపూత క్రొత్తదై మెఱయుచుండగా, అడుగున కంకర యెంత మందమున్నదో, రోలరు దానిని చాలినంత త్రొక్కినదో లేదో కంటికి దెలియదు. రెండు వానకాలములు గడచినగాని లోపము బయలుపడదు. అప్పటికి గుత్తదారు బిల్లు పుచ్చుకొని పోయియుండును. గోతుల మూలమున ధాన్యపు బస్తాకు కిరాయి పెరిగినచో భరించువాడు రైతే. కావున రోడ్డు వేసినవానినే కొన్నియేండ్లు పూచీపడుమనుట లాభమా యన్నది మన మాలోచింపదగిన సంగతి.

2000 డిసెంబరు 25వ తేదీన ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో నీ పద్ధతి గలదు. రోడ్డు వేసిన గుత్తదారే 5 సంవత్సరములు దాని బాగోగులు చూడవలెను. ఆ పోషణపు ధర టెండరులోనే చేరియుండును. నాసిపని చేసినచో గోతులు పూడ్చు శ్రమ తనమీదనే పడునని యెఱిగినవాడు మొదటనే జాగ్రత్తపడును. పూచీయొక్క బలమంతయు నిందే యున్నది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమువారు 1995 నుండి 5 ఏండ్ల పూచీతో తారురోడ్లు వేయించి, 2001లో సరిచూచిరి. పూచీరోడ్లు మామూలు రోడ్లకంటె నునుపుగా నున్నవనియు, వ్యయము ఇంచుమించు సమానమే యనియు దేలినది. అయినను అంతట నిట్లే జరుగునని చెప్పరాదు. నష్టభయము మిక్కుటమైనచో గుత్తదారు ధర పెంచును. చిన్న గుత్తదార్లు టెండరు వేయ జంకుదురు, పోటీ తగ్గును.

పూచీకి హద్దులును గలవు. రోడ్డు మందమును నిర్ణయించువారు ఇంజనీర్లు. అది చాలనిచో నేరము గుత్తదారుది కాదు. 1958–1960లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలనుబట్టి, ఇరుసుమీది బరువు రెట్టింపైనచో రోడ్డునకు గలుగు చెఱుపు సుమారు 16 రెట్లగును. కొవ్వూరునుండి పట్టిసీమమీదుగా పోలవరము పోవు మార్గమైనను, మఱే మార్గమైనను, ఇసుకలారీల బరువు మితిమీరినచో పూచీ యొక్కటే దానిని కాపాడజాలదు. నల్లరేగడి నేల వానకు నుబ్బి, యెండకు బీటలువాఱును. అట్టిచోట నీరు నిలిచినచో తారు కంకరను విడుచును.

మన బాధ్యతయు గొంత గలదు. దమ్ముట్రాక్టరును ఇనుపచక్రములతోనే రోడ్డెక్కించుట, ప్రక్కకాలువను పూడ్చి చేనిలో గలుపుకొనుట, నీటికై రోడ్డును కోయుట, ఇవన్నియు గుత్తదారు తప్పించుకొనుటకు త్రోవ చూపుటయే.

సభ్యులకు మా సలహా యిది. రోడ్డు మొదట నిలిపిన పలకమీది పూర్తియైన తేదీని, పూచీ గడువును సంఘపు పుస్తకమున వ్రాసియుంచుడు. ఏటేట వానలు వెలిసినవెంటనే నలుగురు కలిసి నడచి, గోతులను, కుంగిన అంచులను, పూడిన తూములను గుర్తించి, తేదీవేసి ఇంజనీరుగారికి అర్జీ పంపుడు. 2015 నుండి ‘మేరీ సడక్’ అను ఫోను సాధనముద్వారా ఫొటోతో ఫిర్యాదు చేయు వీలును గలదు. ముఖ్యముగా అయిదవయేటి వానకాలము దాటనీయక అడుగవలెను. గడువు తీరి ధరావతు తిరిగి యిచ్చినపిదప, ఆ గోతులు పూడ్చు ఖర్చు ప్రజాధనముమీదనే పడును.