గోడకు పగులొచ్చిందా? పుట్టీ పెట్టించే ముందు ఇవి చూసుకోండి

గోడ మీద పగులు కనిపించగానే చాలామంది పెయింటర్‌ను పిలిచి పుట్టీ పెట్టించేస్తారు. కొన్ని నెలలకు అదే చోట మళ్లీ గీత తేలిందంటే సమస్య గోడలో కాదు, పునాదిలో ఉండొచ్చు. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గరి సిద్ధిఖ్‌నగర్‌లో ఓ బహుళ అంతస్తుల భవనం పక్కకు ఒరిగిపోయింది. పక్క స్థలంలో నిర్మాణం కోసం గుంత తవ్వడంతో ఈ పరిస్థితి వచ్చింది. చివరికి అధికారులు దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. అన్నిచోట్లా ఇంత హఠాత్తుగా జరగదు. చాలా ఇళ్లలో పునాది ముందే సంకేతాలిస్తుంది.

ఏ పగులు ప్రమాదం?

ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వెంట్రుకంత గీతలు రావడం మామూలే. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగులు, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగే పగులు, గోడకు లోపలా బయటా ఒకే చోట కనిపించే పగులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏటీఎం కార్డు అంచు దూరితే అది వెంట్రుక గీత కాదు, గమనించడం మొదలుపెట్టండి. పెన్సిల్ దూరేంత ఉంటే, లేదా పిల్లర్‌కే పగులు వస్తే వెంటనే ఇంజినీర్‌ను పిలవండి.

ఇవీ గమనించండి

వానాకాలంలో చెక్క తలుపులు బిగుసుకోవడం సహజం. ఎండాకాలంలోనూ పట్టేస్తుంటే, తలుపు పైన సందు ఒకవైపు ఎక్కువగా ఉంటే ద్వారబంధం వంకరైందని అర్థం. నేల మీద గోలీ వదిలితే ఎప్పుడూ ఒకే మూలకు దొర్లడం, ఇదివరకు లేని ఖాళీ గోడకూ ఫ్లోరింగ్‌కూ మధ్య కనిపించడం, గుమ్మం ముందు మెట్లు ఇంటి నుంచి విడిపోవడం కూడా కుంగుబాటు గుర్తులే.

ఎందుకిలా?

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకే కొన్ని పగుళ్లు వేసవిలో విచ్చుకుని, వానల్లో మూసుకుంటాయి. సంపు, డ్రైనేజీ పైపుల లీకేజీ, సరిగా గట్టిపడని పూడిక మట్టి, పక్కన సెల్లార్ తవ్వకం మిగతా ముఖ్య కారణాలు.

మీరేం చేయాలి?

పగులు చివర్ల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. పక్కన స్కేలు పెట్టి నెలనెలా ఫోన్‌తో ఫొటో తీయండి. ఎంత పెద్దదన్న దానికంటే పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. పెరుగుతుంటే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ఆ ఫొటోలు చూపించండి. కారణం తేలకుండా పుట్టీ పెట్టిస్తే ఆధారమే చెరిగిపోతుంది.

పక్క స్థలంలో తవ్వకం మొదలవుతుంటే ముందే మీ గోడలన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత పగుళ్లు వస్తే పురపాలక టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. ఏపీలో వార్డు కార్యాలయంలోనూ ఇవ్వొచ్చు. అద్దెకుంటున్నవారు కూడా ఫిర్యాదు చేయొచ్చు.

గోడల నుంచి చిటపట శబ్దాలు వస్తున్నా, పగుళ్లు గంటల్లోనే పెరుగుతున్నా, ఇల్లు ఒరిగినట్టు కనిపించినా సామాన్ల కోసం ఆగొద్దు. లిఫ్టు వాడకుండా అందరూ బయటికి వచ్చేసి 112కు ఫోన్ చేయండి. ఇంజినీర్ చూసి సరేననే దాకా లోపలికి వెళ్లకండి.