పాత పటాల్లో మన వంశవృక్షం

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. గండికోటను ఏలిన పెమ్మసాని వారి గురించి గడగడ చెప్పగల విద్యార్థిని, "నాయనా, మీ జేజినాయన వాళ్ళ నాయన పేరేమి?" అని అడిగితే తల గోక్కుంటాడు. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కినాయి. మరి మన ముత్తాతల పేర్లు ఎక్కడున్నట్టు? చాలావరకు భూమి లెక్కల్లో ఉన్నాయి. ఆ లెక్కల పెట్టెకు తాళంచెవి పాత పటం. దాన్ని ఎట్లా తిప్పాలో, కమలాపురం ప్రాంతంలో మా కుటుంబం కోసం నేను చేసిన వెతుకులాటను ఆధారంగా చేసుకుని ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

మచిలీపట్నం, భీమునిపట్నం వంటి రేవు పట్నాల వారికి ఒక సౌకర్యం ఉంది. వ్యాపారం కోసం వచ్చిన డచ్చివారు, ఇంగ్లీషువారు రేవులకూ కోటలకూ పటాలు గీసుకున్నారు. సమాధి రాళ్ళ మీద పేర్లు, తేదీలు చెక్కించుకున్నారు. మనకు సముద్రం లేదు. పాపాఘ్ని ఉంది, పెన్న ఉంది, నల్లరేగడి ఉంది. అందుచేత మన పటాలు శిస్తు కోసం పుట్టినాయి. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియాలి గనుక, పొలంతో పాటు మనిషి పేరు కూడా రాసుకున్నారు. సర్కారు తన అవసరం కోసం చేసిన ఆ పనే ఇప్పుడు మనకు ఉపకారమైంది.

ఏయే పటాలు, ఏయే లెక్కలు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేశాడు. దత్త మండలాలని పేరు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలాలు కొలిపించడం మొదలుపెట్టాడు. ఆ గొలుసు పొడవు 33 అడుగులు. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు ఉన్న చదరాలు 40 అయితే ఒక ఎకరం. ఈ తొలి కొలతలు పటాలుగా కన్నా లెక్కలుగానే మిగిలినాయి. పాత దస్తావేజుల్లో కనబడే 'పైమాషీ నంబరు' ఇటువంటి పాత కొలతల నాటి మాట.

ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర కైఫియత్తులు రాయించారు. ఊరు ఎప్పుడు కట్టినారు, ఎవరు ఏలినారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్న సంగతులు వాటిలో ఉంటాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి కైఫియత్తు ఉందేమో ముందు అక్కడ చూడండి.

1858లో మద్రాసు సర్వే శాఖ ఏర్పడింది. ఆ తర్వాతనే మన జిల్లాలో సర్వే నంబర్లు, హద్దు రాళ్ళు, గ్రామ పటాలు వచ్చినాయి. పాత గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినది. మైలుకు 80 గొలుసులు (ఇది 66 అడుగుల గొలుసు). అంటే పటం మీద అంగుళం నేల మీద 5 గొలుసులు, 330 అడుగులు. పటం మీద ఒక చదరపు అంగుళం రెండున్నర ఎకరాలు. స్కేలు పెట్టి కొలిస్తే మీ చేను విస్తీర్ణం ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

ఒక్కొక్క సర్వే నంబరుకు విడిగా కొలతల పటం ఉంటుంది. దాన్నే ఎఫ్.ఎం.బి. అంటారు. ఆ నంబరు ఎవరిది, మెట్టా తరీనా, నీరు ఏ చెరువుది, శిస్తు ఎంత అన్నది సెటిల్మెంటు రిజిస్టరులో ఉంటుంది. ఇంగ్లీషు, తెలుగు రెండింటిలోనూ ఉంటుంది గనుక దాన్ని డైగ్లాట్ అన్నారు. అందులో 'పాత నంబరు' అనే గడి ఒకటి ఉంది. మన పనికి అది చాలా విలువైనది. ఆ గడిని పట్టుకుని ఇంకా వెనకటి లెక్కలోకి దిగవచ్చు.

ఇక ఊళ్ళన్నీ కలిపి చూపేది సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటు. కమలాపురం పడే షీటు నంబరు 57 జె/10. పాతవి మైలుకు అంగుళం చొప్పున గీసినవి. తర్వాతి వాటిలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానం.

పటానికి తేదీ కట్టడం

చేతికి వచ్చిన నకలు మీద సంవత్సరం లేకపోతే లోపలి గుర్తులే సాక్ష్యం చెప్పాలి. మద్రాసు నుంచి కడప, కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా పోయే రైలుమార్గం 1871 నాటికి రాయచూరు దాకా కలిసింది. పటంలో రైలు పట్టా లేకపోతే అది అంతకు ముందుది కావచ్చు. తాలూకాల పేర్లు కూడా ఒక గుర్తు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు అటు పోయినాయి. అవి కడప జిల్లాలోనే ఉంటే ఆ పటం దానికన్నా పాతది. మండలాలు కనబడితే 1985 తర్వాతిది.

లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అది జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. మన పెద్దలు చెప్పే ధాత కరువు సరిగ్గా ఆ కాలందే.

నేను వెతికిన తీరు

మా జేజి చెప్పే మాట ఒకటుండేది: "ధాత కరువులో మన పెద్దోళ్ళంతా ఏరు దాటి ఈ గడ్డకొచ్చినారంట నాయనా. చేతిలో చెంబు తప్ప ఏమీ లేదంట." ఏ ఊరి నుంచి అంటే ఆమెకు తెలియదు. కానీ మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. తెలుగు వాళ్ళలో చాలామంది ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే. వంశం ఒకప్పుడు ఎక్కడుండేదో అది చెబుతుంది. నేను అక్కడి నుంచే మొదలుపెట్టినాను.

ఇప్పటి పటాల్లో ఆ పేరుతో ఊరు లేదు. పాత గ్రామాల జాబితాలో దొరికింది. పక్కన 'బేచిరాకు' అని రాసి ఉంది. బేచిరాకు అంటే దీపం లేని ఊరు, జనం విడిచిపోయిన ఊరు. దాని పొలమంతా పక్క గ్రామంలో కలిసిపోయింది. ఆ పక్క గ్రామం డైగ్లాట్ నకలుకు అర్జీ పెట్టి, రుసుము కట్టి తెచ్చుకున్నాను. అందులో మా ఇంటిపేరుతో మూడు నంబర్లు ఉన్నాయి. సెటిల్మెంటు జరిగింది కరువు గడిచిన తర్వాత. అంటే అందరూ ఏరు దాటలేదు, ఒకరు అక్కడే నిలబడినారు. జేజి మాటలో 'అంతా' అన్న ఒక్క పదం తప్ప మిగతాదంతా లెక్కతో సరిపోయింది. ఆ నిలబడిన శాఖ వారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఈమధ్యనే మా రెండిళ్ళ మధ్య పెండ్లి పిలుపులు మొదలైనాయి.

రెండో సంగతి మా ఊరి పొలానిది. మాకు 'అత్తమ్మ చేను' అని ఒక చెక్క ఉంది. చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటున్నాము గానీ, ఏ అత్తమ్మ అని ఎవరమూ అడగలేదు. ఎఫ్.ఎం.బి.లో చూస్తే ఒకే నంబరు మొదట రెండుగా చీలింది, తర్వాత అందులో రెండోది మళ్ళీ ఎ, బి అని చీలింది. సర్వే నంబరు చీలిందంటే సాధారణంగా ఇల్లు చీలిందని అర్థం. అన్నదమ్ముల భాగాలు, అమ్మకాలు, ఆడబిడ్డకిచ్చిన పసుపు కుంకుమ అన్నీ ఆ గీతల్లో కనబడతాయి. మా 'బి' ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1930ల నాటి భాగపరిష్కార దస్తావేజు నకలు తీయించినాను. తోడబుట్టిన ఆమెకు ఆమె జీవితకాలం అనుభవించేటట్టు ఒక ఎకరా ఇరవై సెంట్లు విడిచినట్టు అందులో ఉంది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. దస్తావేజు చూపించినాక ఊళ్ళో ఒక ముసలాయన గుర్తు తెచ్చుకుని చెప్పినాడు: చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిందట, ఆ ఎకరా మీదనే బతికిందట. మా వంశవృక్షంలో ఆమెకు ఇప్పుడు ఒక కొమ్మ ఉంది. పటంలో ఆ గీత లేకపోతే నేను ఆ దస్తావేజు దాకా పోయేవాణ్ణే కాదు.

దస్తావేజుల గురించి ఒక మాట. వాటిలో 'ఫలానా వారి కుమారుడు' అని తండ్రి పేరు ఉంటుంది, చివర నాలుగు దిక్కుల చెక్కుబందీ ఉంటుంది. తూర్పున ఫలానా వారి చేను, ఉత్తరాన ఫలానా వారి బావి అని. ఆ చెక్కుబందీని గ్రామ పటం పక్కన పెట్టి చదివితే మీ ముత్తాతతో పాటు ఆయన ఇరుగుపొరుగు కూడా తేలుతారు.

పట్టా లేని వారి సంగతి

"మా వాళ్ళకు సెంటు భూమి లేదు, మాకేం దొరుకుతుంది?" అని ఒక మిత్రుడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. ఇతరుల చేన్లలో సేద్యం చేసిన వారి పేర్లు, కూలికి పోయిన వారి పేర్లు పట్టా కాలంలో ఉండవు. ఈ లెక్కల్లోని పెద్ద లోటు అదే. అయినా కొంత దారి ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి రిజిస్టర్లు రాయించింది. గుళ్ళకూ బ్రాహ్మణులకూ ఇచ్చిన మాన్యాలే కాక, చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి వంటి ఊరి పనులు చేసిన వారి మాన్యాలు కూడా అందులో చేరినాయి. మన జిల్లాలో చెరువుల మరమ్మత్తు కోసం ఇచ్చిన దశబంధం ఇనాములు కూడా ఉండేవి. మాన్యం మొదట ఎవరికిచ్చారు, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వారికీ వీరికీ చుట్టరికమేమి అని అధికారులు అడిగి రాసుకున్నారు. కొన్ని కుటుంబాలకు ఇది రెండు మూడు తరాల వంశావళితో సమానం.

మాన్యం కూడా లేని వారికి పొలాల పేర్లు, కుంటల పేర్లు, బావుల పేర్లు, శ్మశానాల చోట్లు మిగులుతాయి. ఇవి సర్కారు పటంలో సగమే ఉంటాయి, మిగతా సగం ముసలివాళ్ళ నోట్లో ఉంటాయి. పటం నకలు తీసుకుని వాళ్ళను పొలానికి పిలుచుకుని పొండి. ఇంట్లో కూర్చుంటే గుర్తురాని పేర్లు గట్టు మీద నిలబడితే గుర్తుకొస్తాయి.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది, మనలో తాత పేరు మనవడికి పెడతారు. ఊరికి నలుగురు ఓబులేసులుంటారు. తండ్రి పేరు, చెక్కుబందీ రెండూ కలిస్తేనే మన మనిషి అని నమ్మండి. రెండవది, ఇంగ్లీషు కాగితాల్లో కడప స్పెల్లింగు 2005 దాకా వేరు: సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి జిల్లా రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోయేవారు ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. మూడవది, పట్టా పేరు మారినంత మాత్రాన అమ్మినట్టు కాదు, వారసత్వం కావచ్చు, తాకట్టు తీరక పోయి ఉండవచ్చు. దస్తావేజు చూసేదాకా తీర్పు చెప్పవద్దు. నాలుగవది, ఈ కాగితాలు పట్టుకుని దాయాదుల మీదికి పోవద్దు. మనం వెతికేది బంధువులను.

ఇప్పుడే ఎందుకు

1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయింది. అంతకుముందు కరణం ఇంట్లో ఉండే పాత లెక్కలు కొన్ని ఆఫీసులకు చేరినాయి, కొన్ని అటకల మీద చెదలకు ఆహారమైనాయి. 2020లో గండికోట జలాశయంలో నీరు నిండుగా నిలిపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయినాయి. ఆ జలాశయం సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. సీమకు నీరు కావలసిందే, కాదనేవారు లేరు. కానీ ఆ ఊళ్ళలో పుట్టిన పిల్లలు రేపు "మా జేజినాయన ఇల్లు యాడుండె?" అని అడిగితే చూపించడానికి గ్రామ పటం తప్ప ఏముంది? అదే సంవత్సరం డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చినాయి. కొలత మెరుగుపడవచ్చు. కానీ దస్తావేజులన్నీ పాత నంబర్ల మీదనే ఉన్నాయి. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో ఇంటింటా రాసి పెట్టుకోకపోతే, మన మనవళ్ళకు ఆ గొలుసు తెగిపోతుంది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నాదొక విన్నపం. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారి దగ్గర కూర్చుని మూడు తరాల పేర్లు, ఆడవాళ్ళ పేర్లతో సహా, రాసుకోండి. మీ గ్రామ పటం, మీ పొలం ఎఫ్.ఎం.బి. నకళ్ళు సంపాదించండి, 'మీభూమి' వెబ్‌సైటులో చాలా గ్రామాలవి చూడవచ్చు. పొలంగల వారు, లేనివారు అన్న భేదం లేకుండా పొలాల పేర్లు పటం మీద పెన్సిలుతో గుర్తించండి. విద్యార్థి సంఘం వారు పూనుకుని ఈ నకళ్ళను లైబ్రరీలో ఒక బీరువాలో భద్రపరిస్తే, కొన్నేళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర మన కళాశాలలోనే దొరుకుతుంది. అధ్యాపకులు దానికి పెద్దదిక్కుగా ఉండాలని, పూర్వ విద్యార్థులు తమ ఇండ్లలోని పాత దస్తావేజుల నకళ్ళు ఇచ్చి తోడ్పడాలని కోరుతున్నాను.