ఓపెన్ వరల్డ్ గేమ్స్‌లో కథకీ ఫైటింగ్‌కీ బ్యాలెన్స్ ఎలా కుదురుతుంది?

సంక్రాంతి సెలవులకి చోడవరం వచ్చి, ల్యాప్‌టాప్‌లో 'ది విచర్ 3' మొదలుపెట్టాను. అమ్మ అడిగితే కథ చెప్పాను: గెరాల్ట్ అనే వేటగాడు, కూతురిలా పెంచిన సిరిని వెతుకుతున్నాడు. ఆమెని వైల్డ్ హంట్ అనే గుంపు తరుముతోంది. మర్నాడు స్క్రీన్ మీద కార్డులు చూసి అమ్మ అడిగింది: "ఏటిరా, పిల్ల తప్పిపోయిందన్నావు, నువ్వేటి పేకాట ఆడుతున్నావు?"

నేను ఆడుతున్నది గ్వెంట్, ఆ గేమ్‌లోనే ఉన్న కార్డ్ గేమ్. అమ్మకి ఏం చెప్పాలో తెలీలేదు.

అసలు చిక్కు ఏంటి?

కథ 'త్వరగా వెళ్లు' అంటుంది. మ్యాప్ 'అటూ ఇటూ తిరుగు' అంటుంది. 'సైబర్‌పంక్ 2077'లోనూ అంతే. తలలో ఉన్న చిప్ హీరో ప్రాణం తీస్తుంటే, మనం కార్లు కొనుక్కుంటూ ఉంటాం. 2007లో గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ 'బయోషాక్' గేమ్ గురించి రాస్తూ, కథ చెప్పేదానికీ ఆట చేయించేదానికీ పొసగకపోవడాన్ని 'లూడోనెరేటివ్ డిసోనెన్స్' అన్నాడు. మా అమ్మ అడిగిందీ అదే.

మూడు గేమ్స్, మూడు దారులు

ది విచర్ 3 (2015): ఇందులో ఫైట్‌కి ముందు కారణం ఉంటుంది. ఊళ్లో ఏదో మనుషుల్ని చంపుతోందంటే, ముందు ఊరివాళ్లని అడగాలి, గుర్తులు చూడాలి, అది ఏ రకం జీవో కనిపెట్టి కత్తికి తగిన నూనె రాయాలి. ఆ తర్వాతే ఫైట్. అప్పటికి ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు అబద్ధం చెప్పారో మనకి తెలిసిపోతుంది. అందుకే సైడ్ క్వెస్ట్ కూడా టైమ్‌పాస్‌లా అనిపించదు.

బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017): హీరో లింక్ 100 ఏళ్లు నిద్రపోయి లేస్తాడు. అన్నేళ్లూ జెల్డా శత్రువుని ఆపుతూనే ఉంది కాబట్టి, మనం ఇంకో నాలుగు రోజులు కొండలెక్కినా పెద్ద తేడా అనిపించదు. పాత కథ 12 ఫోటోల్లో ఉన్న చోట్లకి వెళ్తే గుర్తొస్తుంది, ఏ ఆర్డర్‌లోనైనా సరే. అంటే, తిరగడమే కథ.

ఎల్డెన్ రింగ్ (2022): ఇక్కడ క్వెస్ట్ లిస్టే లేదు. కథ చాలావరకు దొరికిన వస్తువుల వివరాల్లో, పాడుబడ్డ కోటల్లో ఉంటుంది. ఫైటింగ్ ఇష్టమైనవాళ్లకి పండగ. కథ కోసం వచ్చినవాళ్లు మాత్రం ఓపికగా చదువుకోవాలి.

వీటిని చూశాక నాకు అర్థమైంది ఒకటే. బ్యాలెన్స్ అంటే సగం కథ, సగం ఫైటింగ్ అని లెక్క కాదు. ఫైట్‌కి కథలో కారణం ఉండాలి. తిరగడానికి కథ టైమ్ ఇవ్వాలి. మన సినిమాల్లోనూ అంతే కదా, ఎందుకు కొడుతున్నాడో తెలిసిన ఫైట్‌కే విజిల్స్ పడతాయి.

మీకు ఏది సెట్ అవుతుంది?

నాలాగా ఉద్యోగం చేస్తూ వారానికి నాలుగైదు గంటలే దొరికేవాళ్లయితే విచర్ 3తో మొదలుపెట్టండి. సేవ్ లోడ్ అయ్యేటప్పుడు కథ ఎక్కడ ఆగిందో గుర్తుచేస్తుంది. నెల గ్యాప్ వచ్చినా ఇబ్బంది ఉండదు. డిఫికల్టీలో 'స్టోరీ అండ్ స్వోర్డ్' పెట్టుకోండి, కష్టమైతే మధ్యలో 'జస్ట్ ద స్టోరీ'కి మార్చుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో ఆ సౌకర్యం లేదు. ఒకే బాస్ దగ్గర వీకెండ్ అంతా పోవచ్చు, డబ్బులు పెట్టే ముందు అది ఆలోచించుకోండి.

మెయిన్ కథ బాగా అర్జెంట్‌గా ఉన్నప్పుడు సైడ్ క్వెస్ట్‌లు ఆపేయండి. కాస్త ఊపిరి పీల్చుకునే చోట తిరగండి. నేను అలా మార్చుకున్నాకే ఆట కుదిరింది.

చివరికి సిరి దొరికింది. ఫోన్‌లో అమ్మకి చెప్తే, "హమ్మయ్య, ఇంక ఆడుకో నీ పేకాట" అంది.