మోకాలి మృదులాస్థి: శస్త్రచికిత్స తరువాతి చిక్కులు

మోకాలి కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని పొరను మృదులాస్థి అంటారు. రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల మందము గల ఈ పొరలో రక్తనాళములు లేవు. అందువలన చర్మము మీది గాయము మానినట్లు దీని గాయము మానదు. ఈ సంగతిని లండనులో విలియం హంటర్ అను వైద్యుడు 1743లోనే వ్రాసియున్నాడు.

విజయనగరము జిల్లా కొండవెలగాడలో బరువులెత్తు యువతకును, పలాసలో జీడిపిక్కలు ఒలిచే స్త్రీలకును, ఐదు పూటలా నమాజులో మోకాళ్లు మడిచే మన పెద్దలకును మోకాలు వంగకపోతే దినము గడవదు. కనుక ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ఎముకకు సన్నని రంధ్రములు చేసి, మజ్జలోని కణములతో కొత్త పొరను పుట్టించుట ఒక పద్ధతి. అయితే పుట్టే పొర మచ్చ వంటిది. అసలుదానంత గట్టిది కాదు, కొన్నేండ్లకు అరుగుతుంది. బరువు తక్కువగా పడు చోటినుండి ముక్కను తెచ్చి అతికితే, తీసిన చోట నొప్పి మిగలవచ్చును. రోగి కణములనే ప్రయోగశాలలో పెంచి నాటిన విధానమును స్వీడన్ వైద్యులు 1994లో ప్రకటించారు. అందులో కప్పుగా కుట్టిన ఎముకపొర మితిమీరి పెరిగి, మోకాలు పట్టి, కొందరికి మరల కోత అవసరమైనది. తరువాత వేరు పొరలు వాడుట వలన ఆ బాధ తగ్గినది. అంటు ఊడివచ్చుట మాత్రము నేటికీ కలదు.

చీము పట్టుట, పిక్కలో రక్తము గడ్డకట్టుట అరుదు. కాని జ్వరము, పిక్క వాపు, ఆయాసము కనిపిస్తే ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

మా దృష్టిలో మన ఇండ్లలో ఎక్కువ చేటు చేసేది కీలు బిగిసిపోవుట. సాధారణముగా ఆరు నుండి ఎనిమిది వారములు కాలిపై పూర్తి బరువు మోపరాదు, చంకకర్రలు వాడవలెను. అయినను వైద్యుడు చెప్పిన మేరకు మొదటి రోజులనుండే మోకాలిని వంచుచుండవలెను. ‘బరువు మోపవద్దు’ అన్న మాటను ఇంటివారు ‘కదపవద్దు’ అని అర్థము చేసికొందురు. ప్రేమతోనే సుమా! అంతలో లోపల అతుకులు ఏర్పడి కాలు కర్రవలె అగును.

క్రీడాకారుల తొందర దీనికి విపర్యయము. మరల మైదానములో దిగుటకు తరచు తొమ్మిది నెలలు, ఏడాది పట్టును. హైదరాబాదు క్రీడాకారిణి సైనా నెహ్వాల్ 2016లో మోకాలి శస్త్రచికిత్స తరువాత 2018 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణము గెలిచినది; 2024లో తన మృదులాస్థి పాడైనదని, కీళ్లవాతము వచ్చినదని తానే చెప్పినది. కనుక గాయపడిన ఆటగానికి ఒక ఏడాది జట్టులో స్థానము నిలిపి ఉంచవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.

శస్త్రచికిత్సకు ముందే ఏ పద్ధతి అనుసరింతురో, వ్యాయామము నేర్పువారు దగ్గరలో ఎవరున్నారో, సజ్దా చేయుట ఎప్పటికి వీలగునో వైద్యుని అడుగవలెను. అంతవరకు కుర్చీలో కూర్చుండి నమాజు చేయుటకు రోగికి అనుమతి ఉన్నది.